మన బండ, అజంతా బండ

గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా బస్సులో పోతుంటే దారి పొడవునా గుట్టలూ గుండ్లే. చెలకల నడుమ ఏనుగంత గుండ్లు ఉంటాయి. ఖిల్లా ఘనపురంలోనైతే గుండును గుండుకు కలుపుతూ గోడ కట్టి ఏకంగా కోటనే లేపారు. రాయికి కరువు లేని సీమ ఇది. రాయి కొట్టే చేతులకూ కరువు లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీలు ఉండేవారని పెద్దలు చెబుతారు. మరి ఇంత రాయి, ఇంత పనితనం ఉన్న చోట కొండను తొలిచి, గోడలకు రంగులద్దిన బౌద్ధ గుహ ఒక్కటీ ఎందుకు లేదు? అలాంటిది చూడాలంటే మనం మహారాష్ట్రలోని అజంతా దాకా ఎందుకు పోవాలి?

బౌద్ధం ఇటు రాలేదని కొందరు అనుకుంటారు. అది నిలబడదు. కృష్ణ దిగువన నాగార్జునకొండలో 3వ, 4వ శతాబ్దాల్లో ఇక్ష్వాకుల కాలాన విహారాలు, స్తూపాలు వరసగా లేచాయి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద ఇప్పటికీ స్తూపం, చైత్యాల ఆనవాళ్లు కనబడతాయి. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా తుమ్మలగూడెంలో దొరికిన రాగి శాసనాల్లో విష్ణుకుండి రాజు గోవిందవర్మ తన రాణి కట్టించిన విహారానికి చేసిన దానం ఉంది. ఈ విష్ణుకుండుల తొలి స్థావరం నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ ప్రాంతమేనని వాదించిన చరిత్రకారులూ ఉన్నారు. బౌద్ధం ఉంది, రాజులు ఉన్నారు, దానాలూ ఉన్నాయి. తేడా కాళ్ల కింది బండలో ఉంది.

పాలమూరు గుట్టలు చాలా మటుకు గ్రానైటు, దాని దాయాది నైస్. దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద భూమి లోతుల్లో కరిగిన శిల నెమ్మదిగా చల్లారి ఇట్లా గడ్డకట్టింది. నెమ్మదిగా చల్లారింది కాబట్టే అందులో పలుకులు కంటికి కనబడేంత పెద్దగా పెరిగాయి. విరిగిన గుండును దగ్గరగా చూడండి. గులాబీ, తెలుపు రంగుల్లో ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే అభ్రకం, వాటి మధ్య గాజులా బూడిదరంగులో పలుగురాయి. ఉలిని ఓడించేది ఆ పలుగురాయే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయిది 7. ఉక్కు ఉలి 6కు అటూ ఇటూ ఉంటుంది. గ్రానైటు మీద నాలుగు దెబ్బలు పడేసరికి మొన మొద్దుబారుతుంది. కొలిమి దగ్గరికి పోయి మళ్లీ సానపెట్టాలి.

రెండో చిక్కు బండ తీరులో ఉంది. లోతున పుట్టిన గ్రానైటు పైనున్న బరువంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక ఒత్తిడి తగ్గి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు పైభాగం పొరలు పొరలుగా ఊడుతుంది. నిలువు పగుళ్లలోకి నీరు దిగి మూలలను అరగదీస్తుంది. చివరకు మిగిలేవి బోడిగుట్టలు, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు. గుహ తొలవాలంటే నిట్టనిలువుగా, పగులు లేకుండా, వెడల్పుగా ఉన్న కొండముఖం కావాలి. మన గుట్టల్లో అది దొరకడం కష్టం.

వడ్డెరలు గ్రానైటును లొంగదీసే పద్ధతి ఒకటి ఉంది. పరుపుబండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు. పలుగురాయి వేడికి ఫెల్డ్‌స్పార్ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. పక్కపక్కనే ఉన్న పలుకులు ఒకదాన్నొకటి తోసుకుని, పైపొర కింది బండ నుంచి విడిపోతుంది. చెవి పెట్టి, సుత్తెతో తట్టి, మోత మారిన చోటు చూసి మంటను జరుపుకుంటూ పోతారు. మంచి పనివాడు మంచమంత పలకను కూడా పగలకుండా లేపగలడు. ఇంత సూక్ష్మంగా రాయిని చదివే విద్యకు ఏ కాలేజీలోనూ పట్టా లేదు. అది నాకు ఎప్పుడూ బాధే. కానీ ఈ పద్ధతి పలకను ఇస్తుంది, గదిని ఇవ్వదు. లోపల మంట పెడితే మిగలాల్సిన పైకప్పు కూడా పగులుతుంది.

గ్రానైటులో గుహలు అసాధ్యమని కాదు. బీహార్‌లోని బరాబర్ కొండల్లో అశోకుడు ఆజీవికులనే సన్యాసుల కోసం గ్రానైటు తొలిపించి, లోపలి గోడలను అద్దంలా నునుపు చేయించాడు. మన దేశంలో తొలిచిన గుహల్లో నిర్దిష్టంగా కాలం తెలిసిన అతి పాతవి అవే. అయితే వాటిలో పెద్ద గదులు పది, పదమూడు మీటర్ల పొడవు దాటవు. వెడల్పు ఆరు మీటర్లలోపే. మౌర్య చక్రవర్తి ఖజానా వెనక ఉండి కూడా అంతే అయింది.

నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణాన నల్లమల మొదలయ్యే చోట బండ మారుతుంది. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం వెళ్లినవారికి గుర్తుండే ఉంటుంది, గుడి మీదికి గొడుగు పట్టినట్టు వంగిన కొండచరియ. అది గ్రానైటు కాదు. శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే పొరలరాయి. పురాతన ఇసుక పొరలు గట్టిపడి, ఇసుక రేణువుల మధ్య పలుగే అతుకై ఏర్పడింది. పొరలు దాదాపు అడ్డంగా ఉంటాయి కనుక కింది పొర రాలితే పై పొర చూరులా నిలుస్తుంది. ప్రకృతి తానే ఇక్కడ గుహలు చేసింది. శ్రీశైలం జలాశయం ఒడ్డున 12వ శతాబ్దపు శివభక్తురాలు అక్కమహాదేవి పేరుతో ఉన్న గుహ కూడా అట్లా సహజంగా ఏర్పడిందే. ధ్యానానికి అవి చాలు. కానీ రాయంతా పలుగే కాబట్టి ఉలితో వాటిని మందిరంగా మలచడం గ్రానైటు కన్నా కష్టం.

ఇంకో విశేషం గద్వాలది. అజంతా కొండలు లావా రాళ్లు అంటే, లావా రాయి గద్వాలలోనూ ఉంది! గద్వాల శిస్టు పట్టీగా భూగర్భ శాస్త్రంలో పేరుపడ్డ సన్నని శిలల బారు ఒకప్పటి అగ్నిపర్వతాల నుంచి వచ్చిందే. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అందులో బోనినైట్ అనే అరుదైన లావాను గుర్తించి 2005లో ప్రకటించారు. జపాన్‌కు దక్షిణాన ఉన్న బోనిన్ దీవుల పేరు మీద వచ్చిన మాట అది. ఒక సముద్రపు అడుగు మరోదాని కిందికి జారే చోట పుట్టే రకం లావా. అంటే అంత ప్రాచీన కాలంలోనే భూఫలకాలు అట్లా కదిలాయనడానికి గద్వాల రాయి ఒక సాక్ష్యం. వయసు 250 కోట్ల ఏళ్లకు పైనే. అంత కాలం నొక్కుళ్లకూ వేడికీ గురై ఆ లావా పొరలు నిలువుగా వాలాయి, ఖనిజాలే మారిపోయాయి. గుహకు పనికిరాదు, భూమి చరిత్రకు మాత్రం అమూల్యం.

అజంతా లావా దీని ముందు పసిపాప. వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు. డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరలో దక్కన్ పీఠభూమి వాయవ్య భాగమంతా పగిలి, లావా విడతలు విడతలుగా పారి, పొర మీద పొరగా పరుచుకుంది. అదే బసాల్టు. ఇది నేల మీద త్వరగా చల్లారింది కాబట్టి పలుకులు సన్నం. గట్టి రాయే, కానీ అందులో చెప్పుకోదగ్గ పలుగు లేదు. ఉలికి అదే ఊపిరి. పొరలు అడ్డంగా, మందంగా ఉంటాయి కనుక వెడల్పైన చదును పైకప్పు నిలుస్తుంది. వాఘోరా నది ఆ పొరలను కోసుకుంటూ గుర్రపు లాడం ఆకారంలో వంపు తిరిగి, 70 మీటర్లకు పైబడిన నిలువు కొండముఖాన్ని చెక్కి ఉంచింది. శిల్పుల పనిలో సగం నది ముందే చేసి పెట్టింది.

10వ గుహ అక్కడి పాత చైత్యాల్లో ఒకటి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటిదని చెబుతారు. గుహ ముఖద్వారాన్ని దానం చేసిన వాసిఠీపుత కటహాది పేరు దాని మీద బ్రాహ్మీ లిపిలో ఉంది. పొడవు దాదాపు 30 మీటర్లు, వెడల్పు 12, ఎత్తు 11. లెక్క కడితే స్తంభాలను మినహాయించినా పది వేల టన్నులకు అటూ ఇటూ రాయి బయటికి పోయి ఉండాలి. ఇప్పటి టిప్పర్లలో వెయ్యి లోడ్లు. బుట్టలు, తట్టలు, గునపాలతో!

ఇంత రాయిని ఎట్లా తీశారో పూర్తికాని 24వ గుహ చెబుతుంది. చాలామంది పర్యాటకులు అక్కడ ఆగరు. బొమ్మల్లేవు, విగ్రహాలు అరకొర. నా మట్టుకు అజంతాలో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు అది. పని పైకప్పుతో మొదలవుతుంది. కొండముఖం మీద, కప్పు రావాల్సిన ఎత్తులో లోపలికి సన్నని సందులు తవ్వుతారు. సందుకూ సందుకూ మధ్య మిగిలిన గోడల్ని తర్వాత పడగొడతారు. అట్లా పై నుంచి కిందికి దిగుతారు. స్తంభం రావాల్సిన చోట దిమ్మెను వదిలేస్తారు. కప్పు అందాక సారువ కట్టే పనే ఉండదు, ఎందుకంటే తవ్వని రాయే కాళ్ల కింద నేల. గుహ మధ్యలో ఇప్పటికీ సగం చెక్కిన దిమ్మెలు, వాటి మీద ఏటవాలుగా ఒకే లయలో పడ్డ ఉలిగాట్లు కనబడతాయి. ఒక్క స్తంభం తప్పు కోస్తే అతికించే వీల్లేదు. నక్షా అంతా ముందే మనసులో ఉండాలి.

24వ గుహ పని ఆగిపోయింది 5వ శతాబ్దం చివర. అజంతాలో ఎక్కువ గుహలు వాకాటక రాజు హరిషేణుడి కాలంలో మొదలైనవే. 16వ గుహను అతని మంత్రి వరాహదేవుడు తొలిపించాడు. అక్కడి శాసనంలో హరిషేణుడి ప్రాభవాన్ని చెబుతూ పేర్కొన్న దేశాల్లో ఆంధ్ర పేరూ ఉంది. అటు విష్ణుకుండులకూ వాకాటకులకూ వియ్యం కుదిరింది. విష్ణుకుండి రాజు మాధవవర్మ వాకాటక కన్యను పెళ్లాడాడు. వారి కొడుకు విక్రమేంద్రవర్మను రెండు వంశాలకూ అలంకారమని శాసనాలు పొగిడాయి. అంటే అజంతా కుటుంబం, తెలంగాణ కుటుంబం చుట్టాలు. అక్కడ బసాల్టు దొరికినవారు కొండను తొలిచారు, ఇక్కడివారు విహారాలను కట్టించారు. వాకాటకుల తర్వాత దక్కన్‌ను ఏలిన చాళుక్యులదీ ఇదే తీరు. బాదామిలో మెత్తని ఇసుకరాయి దొరికింది కనుక 578లో మంగళేశుడు అక్కడ గుహాలయం తొలిపించాడు. అందులో రంగుల జాడలు నేటికీ ఉన్నాయి. అదే వంశం గద్వాల జిల్లా ఆలంపురంలో మాత్రం రాయి మీద రాయి పేర్చి నవబ్రహ్మాలయాలు కట్టింది. ఆలంపురం శిఖరాల మీద వరసలుగా కనబడే చిన్న చిన్న గుర్రపులాడం కమానులను చూడండి. చైత్యగుహల ముఖాన ఉండే పెద్ద కిటికీ రూపమే అది. గుహ ఇక్కడికి రాలేదు గానీ దాని కిటికీ వచ్చింది.

ఇక రంగుల సంగతి. అజంతా బొమ్మలను ఫ్రెస్కోలు అనడం అలవాటైపోయింది, పాఠ్యపుస్తకాల్లోనూ అదే రాస్తారు. ఇటలీ వారి అసలు ఫ్రెస్కోలో తడి సున్నం మీద రంగు వేస్తారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రాయిగా మారుతూ రంగును తనలో బంధిస్తుంది. అజంతాలో జరిగింది వేరు. ఉలిగాట్లతో గరుకుగా వదిలిన గోడ మీద మొదట మట్టి గిలాబు వేశారు. ఎర్రమట్టి, ఇసుక, వరి ఊక, గడ్డి పీచు, జంతువుల వెంట్రుకలు కలిపిన ముద్ద. దాని మీద ఇంకాస్త నున్నని పొర. దాని మీద పల్చగా తెల్లపూత. అది ఆరాక జిగురు కలిపిన రంగులు. పాలమూరు పల్లెలో మట్టిగోడ మెత్తి, సున్నం వేసి, జాజుతో అంచు తీర్చిన ఇంటిని చూసినవారికి ఈ వరస కొత్తగా ఉండదు. ఒక రకంగా అజంతా బొమ్మల్లో ప్రపంచ ప్రసిద్ధుడైన పద్మపాణి బోధిసత్వుడు నిలబడి ఉన్నది మనకు తెలిసిన మట్టిగోడ మీదే.

రంగులు దాదాపు అన్నీ ఆ కొండ పరిసరాల్లోనివే. ఎరుపు, పసుపు ఇనుము ఉన్న మట్టి. నలుపు దీపం మసి. తెలుపు సున్నం, తెల్లమట్టి, జిప్సం. ఆకుపచ్చ మరీ ముచ్చటైనది. బసాల్టు చల్లారేటప్పుడు అందులో వాయు బుడగలు చిక్కుకుని ఖాళీలు మిగిలాయి. తర్వాత వాటిలోకి నీరు చేరి సెలడోనైట్ లాంటి ఆకుపచ్చ ఖనిజాలు పేరుకున్నాయి. ఏ కొండను తొలిచారో ఆ కొండే రంగును ఇచ్చింది. నీలం మాత్రం పరాయిది. లాపిస్ లాజులీ అనే ఆ రాయి అఫ్గానిస్థాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వచ్చేది. తొలినాటి 9, 10 గుహల పాత బొమ్మల్లో నీలం లేదు. 5వ శతాబ్దపు బొమ్మల్లో ఉంది. ఆ నడుమ ఏడు వందల ఏళ్లలో వర్తక మార్గాలు ఎంత పెరిగాయో ఆ ఒక్క రంగే చెబుతుంది.

జిగురుతో అంటిన రంగు సున్నంలో బంధింపబడిన రంగులా గట్టిగా ఉండదు. తడి గుడ్డతో తుడవడానికి వీల్లేదు. వానాకాలం కొండ పగుళ్లలోంచి నీరు ఊరి గిలాబు వెనక చేరుతుంది. మట్టిలోని బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. ఏటేటా ఇట్లా జరిగితే గిలాబు గోడను వదిలేస్తుంది. ఊకను, పీచును పురుగులు తింటాయి. గబ్బిలాల పెంట రంగును తినేస్తుంది. దీపాల పొగ సంగతి సరేసరి. ఇన్నింటిని తట్టుకుని పదిహేను వందల ఏళ్లకు పైగా ఆ మట్టి నిలబడడానికి అడవి కమ్మేయడం ఒక కారణం. మనుషులు పెద్దగా రాలేదు. 1819 ఏప్రిల్ 28న వేటకు వచ్చిన మద్రాసు సైన్యపు అధికారి జాన్ స్మిత్ 10వ గుహలోకి దూరి, స్తంభం మీది బొమ్మపైనే తన పేరు, తేదీ గీకి పెట్టాడు. అప్పటికి గుహలో మట్టి మేట వేసి ఉంది కనుక ఆ గీతలు ఇప్పుడు మన తలకు పైన కనబడతాయి.

తర్వాతి కథ మనకు ఇంకా దగ్గరిది. ఔరంగాబాద్ జిల్లాతో పాటు అజంతా 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఏ నిజాం కింద ఉన్నాయో ఆ గుహలూ ఆయన కిందే. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని దానికి అధిపతిని చేసింది. ఆయన అజంతా బొమ్మల మీద నాలుగు భాగాల గ్రంథం వెలువరించాడు. 1920లో ఇటలీ నుంచి లొరెంజో చెకోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించారు. వారు ఊడుతున్న గిలాబును గోడకు అతికించి, రంగులు రాలకుండా లక్క పూత పూశారు. గిలాబును నిలబెట్టిన పుణ్యం వారిదే. లక్క మాత్రం కాలం గడిచేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి పసుపుపచ్చగా, ఆపై గోధుమరంగుకు తిరిగింది. దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి ద్రావకాలకు కూడా కరగని స్థితికి వచ్చాయి. ముడుచుకుంటూ కింది రంగునూ లాగింది. ఆ కాలానికి తెలిసిన మంచి మందే వారు వాడారు. వారిని నిందించడం నాకు ఇష్టం లేదు. 1999 నుంచి భారత పురావస్తు శాఖ రసాయన శాస్త్రవేత్తలు ఆ పూతను అంగుళం అంగుళంగా తీస్తూ వస్తున్నారు. 9, 10 గుహల గోడల మీద మసి, లక్కల కింద దాగిన తొలినాటి ముఖాలు అట్లానే బయటపడ్డాయి.

నకళ్లకూ గండాలే. 1844 నుంచి ఏళ్ల తరబడి గుహల్లో ఉండి రాబర్ట్ గిల్ గీసిన నకళ్లలో చాలా మటుకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులతో జాన్ గ్రిఫిత్స్ గీయించినవి కూడా ఎన్నో 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. 1909 నుంచి 1911 మధ్య క్రిస్టియానా హెరింగామ్ మళ్లీ నకళ్లు తీయించినప్పుడు బెంగాల్ నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ వంటివారు వచ్చారు. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజులుద్దీన్ వెళ్లారు. సయ్యద్ అహ్మద్ ఆ తర్వాత అజంతానే తన ఉద్యోగంగా చేసుకున్నాడు. నందలాల్ పేరు అందరికీ తెలుసు. సయ్యద్ అహ్మద్ పేరు మన పిల్లల పుస్తకాల్లో కూడా ఉండాలి. ఈ నకళ్లకు కళ విలువే కాక శాస్త్ర విలువా ఉంది. ఆనాడు గోడ మీద ఉండి, ఈనాడు రాలిపోయిన భాగం ఎంతో కొలవడానికి అవే ఆధారం.

చూడడానికి పోయేవారికి కంటి సంగతి ఒకటి చెప్పాలి. ఎర్రటి ఎండలోంచి గుహలోకి అడుగుపెట్టగానే ఏమీ కనబడదు. ఫొటో తీసుకుని మూడో నిమిషంలో బయటికి వచ్చేవారే ఎక్కువ. కంటిలో రంగులను పట్టే శంకు కణాలు చీకటికి అలవాటు పడడానికి దాదాపు పది నిమిషాలు కావాలి. మసక వెలుతురును పట్టే దండ కణాలకు అరగంట దాకా పడుతుంది. ఇంకొకటి, వెలుతురు తగ్గేకొద్దీ ఎరుపు నల్లబడి, నీలం వెలుగుతున్నట్టు కనబడుతుంది. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గమనించాడు. అందుకే చీకటి గుహలో ముందు కంటికి తగిలేది ఆ అఫ్గాన్ నీలం. ఎర్రమట్టి తీర్చిన ముఖాలు, చేతివేళ్లు తర్వాత మెల్లగా తేలుతాయి. గోడకు దగ్గరగా పోయి ఊపిరి వదలకండి, ఆ తేమే గిలాబుకు శత్రువు. ఫ్లాష్ వాడనివ్వరు, ఆ నియమం మంచిదే.

వరస అంకెల ప్రకారం కాకుండా 10తో మొదలుపెట్టండి. తర్వాత 17, 16, ఆపై 1. కాళ్లలో ఓపిక మిగిలితే 24. బయల్దేరే ముందు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా నకళ్ల గ్యాలరీ చూస్తే ఏ గోడ మీద ఏ కథ ఉందో ముందే తెలుస్తుంది, లోపల వెతుక్కునే సమయం మిగులుతుంది. ఛత్రపతి శంభాజీనగర్‌గా పేరు మారిన ఔరంగాబాద్ నుంచి గుహలు దాదాపు వంద కిలోమీటర్లు, జల్‌గావ్ నుంచి అరవై. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు గుహలు మూసి ఉంటాయి.